కుమానో కొండల్లో: చెట్టూ రాయీ నీళ్ళూ దేవుళ్ళైన చోట

మొదటి రోజు: తనాబె

ఒసాకాలోని తెన్నోజి స్టేషన్లో కురోషియో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా కీ-తనాబెలో దిగుతాం. ఓ పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు. ఆ కొండల నిండా ఉమె తోటలు. జపాన్ వాళ్ళు ఊరబెట్టుకునే పుల్లటి ఉమె కాయలకు ఈ ప్రాంతం పెట్టింది పేరు. నవంబర్ కాబట్టి ఎండ చురుక్కుమనకుండా హాయిగా ఉంది.

అమ్మ రాజోలు నుంచి వచ్చి మా దగ్గర ఉంటోంది. అప్పటికే క్యోటోలో పెద్ద గుళ్ళన్నీ చూపించాను. ఎక్కడికెళ్ళినా జనం, ఫోటోల కోసం క్యూలు. "ఇవన్నీ బాగున్నాయి గానీ, పల్లెటూరి గుడి ఏదైనా ఉంటే తీసుకెళ్ళవే" అంది. నాకు వెంటనే తట్టింది కుమానో.

కుమానో అంటే ఒక ఊరు కాదు. కీ ద్వీపకల్పానికి దక్షిణాన ఉన్న కొండల సీమ మొత్తానికీ అదే పేరు. అక్కడ జపాన్ సొంత మతమైన షింతోకి చెందిన మూడు పెద్ద గుళ్ళున్నాయి: హోంగూ, హయతామ, నచి. క్యోటో నుంచీ ఇసె నుంచీ ఈ గుళ్ళకు నడిచి వెళ్ళే పాత కాలిబాటల్ని కుమానో కోదో అంటారు. 2004లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వెయ్యేళ్ళ కిందట క్యోటో చక్రవర్తులు సింహాసనం దిగాక ఈ కొండల్లోకి యాత్రకి వచ్చేవారు. గోషిరకావా ఒక్కడే 30 సార్లకు పైగా వచ్చాడు. తర్వాత మామూలు జనం కూడా ఎంతగా కదిలారంటే, దీనికి "చీమల బారు కుమానో యాత్ర" అనే పేరే స్థిరపడింది.

యాత్రికులు చాలామంది తనాబెలో ఆగరు, స్టేషన్ ముందే బస్సెక్కి కొండల్లోకి వెళ్ళిపోతారు. నేను మాత్రం ఆగాలనే అనుకున్నాను. మినకతా కుమాగుసు ఇల్లు ఈ ఊళ్ళోనే ఉంది. ఆయన గురించి తెలుసుకుని వెళ్తే ముందున్న దారి వేరేగా కనిపిస్తుంది.

కుమాగుసు 1867లో పుట్టాడు. తల్లిదండ్రులు ఒక గుడి దగ్గరున్న కర్పూరం చెట్టు దేవుడి పేరు కలిసొచ్చేలా ఆయనకు పేరు పెట్టారు. అమెరికా వెళ్ళి, అక్కణ్ణుంచి లండన్ చేరి, బ్రిటిష్ మ్యూజియంలో ఏళ్ళ తరబడి చదువుకున్నాడు. నేచర్ పత్రికలో యాభై దాకా వ్యాసాలూ ఉత్తరాలూ ప్రచురించాడు. చివరికి తనాబెలో స్థిరపడి అడవుల్లో బంకబూజుల (చెట్ల మీద జిగురులా పాకే చిన్న జీవులు, స్లైమ్ మోల్డ్) కోసం వెతుకుతూ బతికాడు. ఆయన ఇల్లు, పెరడు ఇప్పటికీ అలాగే ఉంచారు. పెరట్లో కాకి అనే జపాన్ పండు (పర్సిమన్) చెట్టుంది. నారింజ రంగు టమాటాల్లా ఉండే పళ్ళు కాస్తుంది. 1917లో దాని బెరడు మీద ఆయనకు దొరికిన బంకబూజు కొత్త ప్రజాతి అని తేలి, దానికి ఆయన పేరే పెట్టారు.

అయితే ఆయన్ని ఇక్కడ తలుచుకునేది బూజుల కోసం కాదు, చెట్ల కోసం. 1906లో జపాన్ ప్రభుత్వం ఊరూరా ఉన్న చిన్న గుళ్ళను కలిపేయాలని ఉత్తర్వు తెచ్చింది. పల్లెకో గుడి ఎందుకు, నాలుగైదు ఊళ్ళకు ఒకటి చాలునన్నారు. గుడిని ఎత్తేశాక దాని వెనకున్న అడవికి దిక్కు ఉండదు. వందల ఏళ్ళ చెట్లు కలప వ్యాపారుల పాలయ్యాయి. దేశంలో ఉన్న సుమారు రెండు లక్షల గుళ్ళలో 70 వేల దాకా పోయాయంటారు. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నవి వకయామా, మియె జిల్లాలు, అంటే సరిగ్గా ఈ కుమానో సీమే. కుమాగుసు పత్రికల్లో రాశాడు, అధికారులకు ఉత్తరాలు రాశాడు. 1910లో ఈ విధానాన్ని ముందుండి నడిపిస్తున్న అధికారి వచ్చిన ఒక సభలోకి తాగి చొరబడి గొడవ చేశాడు. 18 రోజులు జైల్లో పెట్టారు. జైల్లో కూడా బంకబూజు ఏరుకున్నాడని చెబుతారు. ఆయన వాదన సూటిగా ఉంటుంది: గుడి అడవి పోతే పురుగూ పిట్టా పోతాయి, ఊరివాళ్ళు కలుసుకునే చోటు పోతుంది, తరాలుగా ఉన్న భక్తి పోతుంది, చివరికి నేల కోసుకుపోతుంది. 1920లో ఆ విధానానికి తెరపడింది. అప్పటికే చాలా నష్టం జరిగిపోయింది.

సాయంత్రం తోకె గుడికి వెళ్ళాం. కుమాగుసు పెళ్ళాడింది ఈ గుడి పూజారి కూతుర్నే. 12వ శతాబ్దంలో గెంజి, హెయికె వంశాల మధ్య యుద్ధం నడుస్తున్నప్పుడు ఎవరి పక్షాన నిలవాలో తేలక ఇక్కడ ఎర్ర కోళ్ళకూ తెల్ల కోళ్ళకూ పందెం వేసి నిర్ణయించారట. గెలిచినవి తెల్ల కోళ్ళు, గెంజి పక్షానివి. గోదావరి జిల్లా మనిషి కదా, అమ్మకు ఈ కథ చాలా నచ్చింది.

రెండో రోజు: తకిజిరి, తకహరా

పొద్దున్నే బస్సు. నది పక్కనే నలభై నిమిషాలు వెళ్ళాక తకిజిరి వస్తుంది. కొండ మొదట్లో చిన్న గుడి, ముందు తోరీ, అంటే రెండు స్తంభాల మీద అడ్డదూలాలున్న ద్వారం. దారి పొడవునా ఇలాంటి చిన్న గుళ్ళు ఉంటాయి, ఓజి అంటారు. కుమానో దేవుడి పిల్లలు అక్కడ కొలువుంటారని నమ్మకం. యాత్రికులు ఒక్కో ఓజి దగ్గర ఆగి మొక్కుకుని ముందుకు సాగేవాళ్ళు. 1201లో గోతోబా అనే మాజీ చక్రవర్తి వెంట వచ్చిన ఫుజివారా నో తెయికా అనే ఆస్థాన కవి ఈ ప్రయాణాన్ని రోజువారీగా రాసిపెట్టాడు. రాజుగారి పరివారంతో నడవడానికి ఎంత అవస్థ పడ్డాడో అందులో ఉంటుంది.

అమ్మ చెప్పులు విప్పబోయింది. ఇక్కడ బయట అవసరం లేదని చెప్పాను. చేతులూ నోరూ కడుక్కోవాలి. గుడి ముందు రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలి. తలుపులు మూసే ఉంటాయి. అమ్మ సందుల్లోంచి చూడబోయింది.

"లోపల ఏ దేవుడి విగ్రహం?"

"విగ్రహం ఉండదమ్మా. అద్దమో, రాయో, ఇంకేదైనా వస్తువో ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు."

"పూజారి కూడానా?"

"చాలా గుళ్ళలో పూజారి కూడా చూడడు."

అమ్మ ఇంకేం అడగలేదు. కళ్ళు మూసుకుని తనకొచ్చిన శ్లోకమే చదువుకుంది.

గుడి వెనక నుంచే నిటారు ఎక్కుడు మొదలవుతుంది. నేలంతా పైకి తేలిన వేళ్ళు, వాటి మధ్య రాళ్ళు. కాసేపటికి రెండు బండల మధ్య ఇరుకైన సొరంగం వచ్చింది. అందులోంచి దూరి అవతలికి వస్తే ఆడవాళ్ళకు సుఖప్రసవం అవుతుందని నమ్మకం. దాని పక్కనే పాల బండ అని పిలిచే రాయి. ఒక సామంత రాజు భార్య యాత్రకు వస్తూ ఇక్కడే ప్రసవించి, బిడ్డను ఈ బండ కింద ఉంచి ముందుకు వెళ్ళిందట. తిరిగి వచ్చేదాకా రాయిలోంచి కారే పాలు బిడ్డ కడుపు నింపాయి, తోడేళ్ళు కాపలా కాశాయి. జపాన్ తోడేళ్ళు ఇప్పుడు లేవు. చిట్టచివరిది 1905లో ఇదే కీ ద్వీపకల్పంలో, నరా వైపు కొండల్లో దొరికింది. తోడేలు బిడ్డను కాపాడిన కథ అది లేని అడవిలో వినడం కష్టంగా అనిపించింది.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. కుమానో దారి ఫోటోలు చూసి, ఇదంతా ఆదిమ కాలపు అడవి అనుకుంటారు చాలామంది. కాదు. దారికి రెండు పక్కలా కనిపించేవి ఎక్కువగా మనుషులు నాటిన సుగి (జపాన్ దేవదారు), హినోకి (జపాన్ సైప్రస్) చెట్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కలప కోసం ప్రభుత్వమే దేశమంతటా నాటించింది. ఒకే వయసు, ఒకే ఎత్తు, వరస తప్పవు. కింద వెలుతురు పడదు, పొదలు పెరగవు, పిట్టల చప్పుడు కూడా తక్కువే. తర్వాత కలప ధర పడిపోయి చాలాచోట్ల వాటిని పట్టించుకునేవాళ్ళు కరువయ్యారు. నడుస్తూ నడుస్తూ ఉండగా ఉన్నట్టుండి వెలుతురు మారుతుంది, రకరకాల ఆకులు కనిపిస్తాయి, మాను లావు పెరుగుతుంది. తలెత్తి చూస్తే అక్కడ గుడి ఉంటుంది. పెద్ద చెట్లు మిగిలింది గుళ్ళ దగ్గరే. ఈ తేడా ఒకసారి కంట పడ్డాక ఇక దారంతా అదే వెతుకుతూ నడిచాను.

తకహరా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దూరం నాలుగు కిలోమీటర్లే గానీ ఆ ఎక్కుడుకి రెండున్నర గంటలు పట్టింది. మెట్లు మెట్లుగా వరి మళ్ళు, ఎదురుగా కొండల వెనక కొండలు. పొగమంచు ఊరని దీనికి పేరు. ఇక్కడి కుమానో గుడి చాలా చిన్నది, ఎర్ర రంగు కొయ్య పని, హినోకి బెరడు కప్పు. ఈ బాట మీద మిగిలిన గుడి కట్టడాల్లో ఇదే పాతది. దాన్ని చుట్టుకుని మహా కర్పూరం చెట్లు. వెయ్యేళ్ళవని ఊరివాళ్ళు చెబుతారు.

రాలిన ఆకు ఒకటి నలిపి అమ్మ చేతికిచ్చాను. వాసన చూసి ఆశ్చర్యపోయింది. "హారతి కర్పూరమే!" అంది. ఇప్పుడు బజార్లో దొరికేది ఎక్కువగా ఫ్యాక్టరీ సరుకు గానీ, ఒకప్పుడు కర్పూరం ఈ జాతి చెట్టు చెక్కను ఆవిరి పట్టి తీసేవాళ్ళు. జపాన్, తైవాన్‌ల నుంచి ప్రపంచమంతటికీ వెళ్ళేది. అమ్మ నాలుగు ఆకులు ఏరి చీర కొంగున ముడేసుకుంది. ఆ చెట్టు కిందే కూర్చుని మెహరి-జుషి తిన్నాం. ఊరబెట్టిన ఆవాకుల్లో చుట్టిన అన్నం ముద్దలవి. కలప కొట్టేవాళ్ళు అడవిలోకి పట్టుకెళ్ళే తిండట. ఉప్పుప్పగా, కొంచెం ఘాటుగా బాగున్నాయి.

తర్వాత కొండ దిగి కింద రోడ్డు మీదికి వచ్చి, బస్సులో చికత్సుయు చేరాం. రాత్రికి అక్కడి పల్లెటూరి బసలో వేడివేడి అన్నం, ఉప్పు రాసి కాల్చిన ఏటి చేప. బస నడిపే ముసలావిడకూ అమ్మకూ ఒక్క ఉమ్మడి మాట లేదు. అయినా ఉమె ఊరగాయ ఎలా పెడతారో ఇద్దరూ చేతులతో చెప్పుకున్నారు.

మూడో రోజు: త్సుగిజకురా

ఆ రోజు నడక తక్కువ. ఊరి మధ్య నుంచే దారి, ఇళ్ళ ముందు ఎండబెట్టిన ముల్లంగులు, గోడల మీద వేలాడే కాకి పళ్ళు. గంటన్నర నడిచాక త్సుగిజకురా ఓజి.

మెట్ల దగ్గర నిలబడి పైకి చూసి ఇద్దరం ఆగిపోయాం. రెండు వైపులా సుగి చెట్లు. నిన్న దారంతా చూసిన చెట్ల జాతే గానీ, వీటిని చూశాక అవి పిల్ల మొక్కలు. పెద్దవాటి మాను నలుగురు చేతులు కలిపినా అందేలా లేదు. కొమ్మలన్నీ ఒకే వైపు, దక్షిణానికి సాగి ఉన్నాయి. అటు నచి జలపాతం ఉంది కాబట్టి చెట్లు కూడా అటే మొక్కుతున్నాయని జనం నమ్మకం. ఉత్తరాన కొండ అడ్డం ఉంది కనుక వెలుతురు కోసం అలా పెరిగాయన్నది చెట్టు పక్షాన చెప్పే కారణం. నాకు రెండూ ఒప్పుకోవడానికి ఇబ్బంది కలగలేదు.

ఈ చెట్లు ఉండాల్సినవి కావు. గుళ్ళ విలీనం వచ్చినప్పుడు ఇక్కడి చెట్లనూ నరకడానికి గుర్తు పెట్టారు. కుమాగుసు అడ్డం పడ్డాడు, ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. అప్పటికే చాలావాటి మీద గొడ్డలి పడింది. మిగిలినవి పదికి లోపే. ఒక మొద్దు ఇంకా కనిపిస్తుంది. దాని మధ్యలో కొత్త మొక్కలు లేచాయి. తనాబెలో ఆ కాకి చెట్టు కింద విన్నదంతా ఇక్కడ చేత్తో తాకి చూడొచ్చు. నేను మాను మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. ఒక మనిషి మొండిగా ఉండకపోతే ఇక్కడ ఆ పూట వట్టి మెట్లే ఉండేవి.

చెట్ల కింద రోడ్డుకి అవతల నోనకా ఊట. 1985లో జపాన్ ప్రభుత్వం ఎంపిక చేసిన వంద మంచి నీళ్ళలో ఇదొకటి. ఊరివాళ్ళు సీసాలు తెచ్చి పట్టుకెళ్తున్నారు. మేమూ పట్టుకున్నాం.

బస్సులో హోంగూ వైపు వెళ్ళి, యునోమినె అనే వేడినీటి ఊటల ఊళ్ళో దిగాం. చిన్న వాగు, రెండు గట్లా పాత బసలు, గాల్లో గంధకం వాసన. హోంగూ గుడికి వెళ్ళే ముందు యాత్రికులు ఇక్కడ స్నానం చేసి శుద్ధి అయ్యేవాళ్ళు. వాగు మధ్యలో కొయ్య గుడిసె, లోపల రాతిలో గుంట. పేరు త్సుబోయు. ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న వేడినీటి స్నానఘట్టం. ఒక్కో కుటుంబానికి అరగంట ఇస్తారు, తలుపు గడియ పెట్టుకోవచ్చు. జపాన్‌లో నలుగురిలో స్నానం చేయడానికి అమ్మ ఎప్పుడూ ఒప్పుకోలేదు, ఇక్కడ మాత్రం టెన్షన్ లేకుండా దిగింది. నీళ్ళ రంగు రోజుకి ఏడుసార్లు మారుతుందంటారు. మేమున్నప్పుడు పాలు కలిసిన నీలం. వాగు పక్కన మరుగుతున్న ఊటలో గుడ్లూ చిలగడదుంపలూ వలలో కట్టి దించి ఉడకబెట్టుకోవచ్చు. రాత్రికి అవే తిన్నాం.

నాలుగో రోజు: హోంగూ

హొస్షిన్మోన్ ఓజి దాకా బస్సు, అక్కణ్ణుంచి హోంగూకి ఏడు కిలోమీటర్లు. ఎక్కువగా దిగుడే, ముసలివాళ్ళు కూడా నడవగలరు. మధ్యలో పల్లెలు, తేయాకు మళ్ళు. మనుషుల్లేని చిన్న అరుగుల మీద ఉమె కాయలు, బత్తాయిలు పెట్టి, పక్కన డబ్బా ఉంచారు. 100 యెన్‌లు వేసి తీసుకోవడమే.

ఫుషిఓగమి ఓజి దగ్గర చెట్ల మధ్య ఖాళీలోంచి, దూరంగా లోయలో, గుడి స్థలం మొదటిసారి కనిపిస్తుంది. రోజుల తరబడి నడిచొచ్చినవాళ్ళు ఇక్కడ సాష్టాంగపడేవాళ్ళు. ఈ చోటు గురించి ఒక కథ ఉంది. ఇజుమి షికిబు అనే కవయిత్రి వెయ్యేళ్ళ కిందట ఇక్కడిదాకా వచ్చాక నెలసరి వచ్చింది. గుడికి వెళ్ళకూడదేమోనన్న బాధతో ఒక పద్యం రాసుకుని పడుకుంది. కలలో కుమానో దేవుడు పద్యంతోనే జవాబిచ్చాడు, అది అడ్డు కాదు, రమ్మని. మగా ఆడా, ఉన్నవాడూ లేనివాడూ, మైల ఉన్నా లేకపోయినా కుమానోలో అందరికీ చోటుందన్న పేరు ఇలాంటి కథలతోనే పాకింది. ఈ కథ చెప్తే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నడుస్తూ, తన పెళ్ళైన కొత్తలో ఇంట్లో వేరుగా కూర్చోబెట్టిన రోజుల గురించి చెప్పింది. నాకు అవి ఎప్పుడూ చెప్పని సంగతులు.

హోంగూ గుడికి 158 మెట్లు, రెండు పక్కలా జెండాలు. పైన హినోకి బెరడు కప్పిన మందిరాలు, రంగులు లేని కొయ్య. మూడు కాళ్ళ కాకి బొమ్మ ఎక్కడ చూసినా ఉంటుంది. యతగరసు అంటారు, పురాణాల్లో జపాన్ మొదటి చక్రవర్తి జిమ్ముకి కొండల్లో దారి చూపించిన దేవదూత. జపాన్ ఫుట్‌బాల్ సంఘం చిహ్నం కూడా అదే.

అయితే గుడి మొదట ఇక్కడ లేదు. కొండ కిందికి దిగి పది నిమిషాలు నడిస్తే నదీ పాయలు కలిసే చోట ఇసుక తిన్నె, పేరు ఓయునోహరా. వందల ఏళ్ళు పన్నెండు మందిరాలు అక్కడే ఉండేవి. 1889 ఆగస్టులో వచ్చిన వరద వాటిలో చాలావాటిని ఊడ్చుకుపోయింది. ఎగువన అడవుల్ని ఎడాపెడా నరకడం కూడా ఒక కారణమంటారు. అదే వరదలో పైనున్న తొత్సుకావా ఊరు ఎంత దెబ్బతిన్నదంటే, రెండు వేలమందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలి ఉత్తరాన హొక్కైదోకి వెళ్ళి అదే పేరుతో కొత్త ఊరు కట్టుకున్నారు. మిగిలిన మందిరాలను 1891లో కొండ మీదికి మార్చారు. ఇదంతా జరిగాక కూడా పదిహేనేళ్ళకే గుడి అడవులు గొడ్డలి పాలయ్యే ఉత్తర్వు ఎలా ఇవ్వగలిగారో నాకు అర్థం కాదు.

తిన్నెకు ముందు, పొలాల మధ్య 33.9 మీటర్ల ఎత్తున నల్లటి ఉక్కు తోరీ. 2000లో కట్టారు, జపాన్‌లో ఇంతకంటే పెద్దది లేదు. నిజం చెప్పాలంటే నాకది ఎక్కువనిపించింది. దాటి లోపలికి వెళ్తే సుగి చెట్లు, గడ్డి, రెండు చిన్న రాతి గుళ్ళు. కొట్టుకుపోయిన మందిరాల దేవుళ్ళు వాటిలో ఉన్నారు. ఫోటోలు తీయకూడదు. కట్టడం ఏమీ లేని ఆ చోటే నాకు గుడిలా అనిపించింది.

ఐదో రోజు: షింగూ

బస్సు కుమానో నది వెంటే కిందికి దిగి సముద్రం దగ్గర షింగూ చేరుతుంది. హయతామ గుడిలో నగి చెట్టు చూశాం. 12వ శతాబ్దంలో తైరా నో షిగెమోరి నాటాడంటారు. అక్కణ్ణుంచి కమికురా. 538 రాతి మెట్లు, 1193లో షోగున్ (సైనిక పాలకుడు) యొరితొమొ కట్టించి ఇచ్చాడని చెబుతారు. మెట్లంటే మెట్లు కావు, నిటారు కొండకు పేర్చిన రాళ్ళు. అమ్మ మొదటి మలుపు దగ్గరే కూర్చుండిపోయింది. నేను చేతులూ కాళ్ళూ ఆనించి ఎక్కాను. పైన గోతోబికి అనే పెద్ద బండ, దానికి చుట్టిన గడ్డి తాడు, అంచున చిన్న మందిరం, కింద ఊరూ సముద్రమూ. కుమానో దేవుళ్ళు మొదట దిగింది ఈ బండ మీదేనట. ఏటా ఫిబ్రవరి 6 రాత్రి తెల్లబట్టల్లో మగవాళ్ళు కాగడాలు పట్టుకుని ఈ మెట్ల మీద కిందికి పరుగెడతారు. ఎలా పరుగెడతారో మెట్లు చూస్తే నమ్మబుద్ధి కాదు.

మధ్యాహ్నం లోకల్ రైల్లో కుమానో-షి వెళ్ళి హనా నో ఇవయా చూశాం. సముద్రం ఒడ్డున 45 మీటర్ల తెల్లటి కొండబండ. గుడి లేదు, బండే దేవత. జపాన్ దీవుల్ని కన్న ఇజనమి, నిప్పు దేవుణ్ణి కంటూ ఒళ్ళు కాలి చనిపోతే ఇక్కడ పాతిపెట్టారట. 720లో పూర్తయిన నిహోన్ షోకి అనే చరిత్ర గ్రంథంలోనే ఈ చోటి పేరుంది, జనం పూలతో, డోళ్ళూ పిల్లనగ్రోవులతో, ఆటపాటలతో ఈ దేవతను కొలుస్తారని. ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 2న, అక్టోబర్ 2న, సుమారు 170 మీటర్ల తాడును బండ కొన నుంచి కిందికి కట్టి పూలు వేలాడదీస్తారు. ఇక్కడ అమ్మ విగ్రహం గురించి అడగలేదు. ఒడ్డు నుంచి తెల్లటి గులకరాయి తెచ్చి బండ మొదట్లో పెట్టి, చప్పట్లు కాకుండా మనలాగే రెండు చేతులూ జోడించింది.

ఆరో రోజు: నచి

దైమోన్-జకా దగ్గర బస్సు దిగాం. 267 రాతి మెట్లు, నాచు పట్టి తడితడిగా ఉన్నాయి, రెండు పక్కలా పాత సుగి చెట్లు. పైన నచి గుడి, దాన్ని ఆనుకునే సెయిగాంతొజి బౌద్ధాలయం. 1868లో ప్రభుత్వం షింతోని బౌద్ధాన్నుంచి విడదీయమనేదాకా ఇవి రెండూ ఒకటే. ఈ బౌద్ధాలయం స్థలపురాణంలో మనకు సంబంధించిన మాట ఒకటుంది. భారతదేశం నుంచి ఓడలో కొట్టుకొచ్చిన రగ్యో అనే సన్యాసి నచి జలపాతంలో తపస్సు చేసి కన్నోన్‌ను, అంటే అవలోకితేశ్వరుణ్ణి, దర్శించాడట.

కిందికి దిగితే జలపాతం. 133 మీటర్లు ఒకే ధారగా పడుతుంది. దాని ముందు హిరో గుడి. గుడి అంటే తోరీ, మొక్కుకోవడానికి ఒక వేదిక, అంతే. మందిరం లేదు, మూసిన తలుపుల్లేవు. నీళ్ళే దేవుడు. ధార మొదట్లో, కొండ కొమ్మున గడ్డి తాడు కట్టి ఉంటుంది. ఏటా జులై 9న, డిసెంబర్ 27న పూజారులు ఆ అంచుకు వెళ్ళి మారుస్తారు. జులై 14న ఇక్కడ అగ్ని ఉత్సవం. ఒక్కోటీ 50 కిలోలుండే పన్నెండు కాగడాలు మోసుకొచ్చి మెట్ల దారిని శుద్ధి చేస్తారు.

జలపాతం పైనున్నది మాత్రం నిజంగా పాత అడవే. గుడి అడవి కావడం వల్ల గొడ్డలి పడలేదు. వాన లేని నవంబర్‌లో కూడా ధార అంత బలంగా ఉందంటే ఆ అడవి పట్టి ఉంచిన నీళ్ళ వల్లే. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే గట్టిగా తెలిసింది ఇదే: ఇక్కడ అడవిని కాపాడటమూ దేవుణ్ణి కాపాడటమూ రెండు పనులు కావు. అక్కడ అమ్మే చిన్న గిన్నె కొనుక్కుని జలపాతం నీళ్ళు తీర్థంలా తాగాం. ఆయుష్షు పెరుగుతుందట. అమ్మ రెండో గిన్నె మా నాన్న పేరు చెప్పి తాగింది.

సాయంత్రం రైలుకి ముందు నచి స్టేషన్ పక్కనున్న ఫుదరకుసాన్-జికి వెళ్ళాం. ఫుదరకు అంటే అవలోకితేశ్వరుడు ఉండే పోతలక పర్వతం. అది దక్షిణ భారతంలో ఉందని బౌద్ధ గ్రంథాల మాట. దాన్ని చేరాలని తొమ్మిదో శతాబ్దం నుంచి ఇక్కడి సన్యాసులు చిన్న పడవ గదిలో కూర్చుని, తలుపుకి మేకులు కొట్టించుకుని, ఈ తీరం నుంచి దక్షిణ సముద్రంలోకి సాగిపోయేవారు. ఎవరూ తిరిగిరాలేదు. 16వ శతాబ్దంలో కొంకోబో అనే సన్యాసి బతకాలనుకుని పడవలోంచి బయటపడితే, వెంట వచ్చినవాళ్ళు పట్టుకుని నీళ్ళలో ముంచేశారట. ఆ తర్వాత బతికున్నవాళ్ళను పంపడం మానుకున్నారు. నాలుగు వైపులా నాలుగు తోరీలున్న ఆ పడవ నమూనా గుడి ఆవరణలో ఉంది.

పోతలకం ప్రస్తావన ఉన్న గండవ్యూహ సూత్రంలో సుధనుడనే కుర్రవాడి యాత్ర మొదలయ్యే ఊరు ధాన్యాకరం. అది మన అమరావతి దగ్గరి ధాన్యకటకమేనని కొందరు పండితుల అభిప్రాయం. అమ్మకు ఇది చెప్పాను. "మన వైపు రావాలని ఇక్కణ్ణుంచి బయల్దేరారా!" అని పడవ చుట్టూ ఇంకోసారి తిరిగి చూసింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. మార్చి నుంచి మే, అక్టోబర్, నవంబర్ మంచి నెలలు. తుఫాన్ల కాలంలో దారులు తెగుతాయి, 2011లో కొండచరియలు పడి ఒక భాగం చుట్టుదారి పట్టాల్సొచ్చింది. తకిజిరి నుంచి హోంగూ దాకా ప్రతి 500 మీటర్లకు నంబరు వేసిన గుంజలుంటాయి, తప్పిపోయే భయం లేదు. బస్సులు మాత్రం తక్కువ, టైమ్ టేబుల్ ముందే రాసుకోండి. బసలు తనాబె నగర కుమానో టూరిజం బ్యూరో వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, సామాను ఒక బస నుంచి ఇంకో బసకు పంపే ఏర్పాటూ ఉంది. శాకాహారులు బుక్ చేసేటప్పుడే వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి పులుసుల్లో చాలావాటికి చేప ఉడికించిన నీళ్ళే ఆధారం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తే కమికురా వదిలేసి, హొస్షిన్మోన్ నుంచి హోంగూ దాకా నడిపించండి. త్సుగిజకురా దగ్గర మాత్రం బస్సులోంచి చూసి వెళ్ళిపోకుండా తప్పకుండా దిగండి.